డెబ్బై అయిదేళ్ల ఆవిడ కోసం లెక్క

(మా కాలనీ ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. డబ్బు గురించి మాట్లాడతానంటే ముందు వరసలోకి ఎవరూ రారు, చందా అడుగుతానేమోనని. అడగను, రండి.

నాకిచ్చిన విషయం, జీవితంలో ఏ దశలో డబ్బు ఎలా చూసుకోవాలి అని. మామూలుగా ఇలాంటి ఉపన్యాసం ఉద్యోగంలో చేరిన కుర్రాడి దగ్గర మొదలవుతుంది. తర్వాత పెళ్లి, పిల్లలు, ఇల్లు, రిటైర్మెంటు, వరసగా పోతుంది. నేను అటువైపు నుంచి వస్తాను. ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తక్కర్లేదు, మనసులో చెప్పుకోండి చాలు. మీ ఇంట్లో డెబ్బై అయిదేళ్ల వయసులో ఒంటరిగా మిగిలేది ఎవరు?

చూశారా, మగవాళ్లు పక్కకు చూస్తున్నారు, ఆడవాళ్లు నా వైపు చూస్తున్నారు. జవాబు అందరికీ తెలుసు. మన సంబంధాల్లో పెళ్లికొడుకు రెండేళ్లో, నాలుగేళ్లో, ఆరేళ్లో పెద్దవాడు. పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్లకన్నా ఎక్కువ. రెండూ కలిపి చూసుకోండి. చాలా ఇళ్లలో చివరి కొన్నేళ్లు ఆవిడ ఒక్కతే గడపాలి. ఆవిడంటే ఎవరో ముసలావిడ అనుకోకండి. ఇదిగో, రెండో వరసలో కూర్చుని ఫోను చూసుకుంటున్న అమ్మాయి ఉందే, ఆ అమ్మాయే. ఇంకో యాభై ఏళ్లకి. ఫోను చూసుకో అమ్మా, పర్లేదు.

నేను బ్యాంకు కౌంటరుకి ఇవతల చూసిందేమిటంటే, ఇంట్లో డబ్బు నిర్ణయాలన్నిటికీ ఖర్చు చివరికి ఆవిడ ఖాతాలోనే పడుతుంది. ఆయన హామీ సంతకం పెడతాడు, ఆవిడ కడుతుంది. పిల్లవాడి చదువుకి ఇల్లు తాకట్టు పెడతారు, ఆ తాకట్టులో ఆవిడ ఉంటుంది. కానీ ఆ నిర్ణయం జరిగినప్పుడు ఆవిడ ఆ గదిలో ఉండదు. కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి ఉంటుంది. అందుకని నేను చెప్పేదల్లా ఒక్కటే. పాతికేళ్లకి గానీ, నలభైకి గానీ, అరవైకి గానీ, డబ్బు నిర్ణయం ఏది తీసుకున్నా ఒక్క ప్రశ్న వేసుకోండి. దీనివల్ల ఆవిడకి మిగులుతుందా, ఆవిడది పోతుందా?

ముందు ఆవిడ నెల ఖర్చు ఎంతో చూద్దాం. ఇప్పుడు మీకు నలభై ఏళ్లు, ఇంటి ఖర్చు నెలకి 40,000 అనుకోండి. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే, ఇదే ఇల్లు, ఇదే కూర, ఇదే కరెంటు బిల్లు, మీకు అరవై వచ్చేసరికి నెలకి 1,28,000. డెబ్బై అయిదు వచ్చేసరికి మూడు లక్షలు దాటుతుంది. నవ్వకండి, కాలిక్యులేటరు మీ జేబుల్లోనే ఉంది. ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని ధరలు పెరిగే శాతంతో, అంటే ఆరుతో భాగించండి, పన్నెండు. పన్నెండేళ్లకోసారి ఖర్చు రెట్టింపు. మీ చిన్నప్పుడు మసాలా దోసె ఎంతో గుర్తు తెచ్చుకోండి, నేను చెప్పేది నమ్ముతారు.

సరే, ఇప్పుడు కుర్రాళ్ల దగ్గరికి వస్తాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఉద్యోగం మారినవాళ్లు? మారినప్పుడు పీఎఫ్ ఏం చేశారు బాబూ? తీసేశావు. బైకు కొన్నావా, గోవా వెళ్లావా? రెండూనా. బావుంది.

పీఎఫ్‌లో నీ వాటా 12 శాతం, కంపెనీ వాటా 12 శాతం. మూడేళ్లు పనిచేసి మానేస్తే అందులో లక్షన్నర పోగయిందనుకుందాం. ఇరవై ఎనిమిదేళ్లకి అది తీసేస్తే లక్షన్నర చేతికొస్తుంది. తీయకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే? 8 శాతం లెక్కన, అరవై ఏళ్లకి ఆ లక్షన్నర ఒక్కటే పదిహేడున్నర లక్షలు. ఇంకో రూపాయి కట్టకుండా. ఈ మధ్య ఏళ్లలో పీఎఫ్ వడ్డీ 8.25 దాకా ఇచ్చారు, అదే ఎప్పటికీ ఉంటుందని నేను చెప్పను. కానీ విత్తనాల వడ్లు వండుకు తిన్నవాడికి తర్వాతి పంట ఎక్కడిది? ట్రాన్స్‌ఫర్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో అయిపోతుంది. పీఎఫ్‌లో మన గుర్తింపు నంబరు, యూఏఎన్ అంటారే, అది ఒక్కటే, ఎన్ని కంపెనీలు మారినా.

ఈ పీఎఫ్‌లోనే పెన్షన్ అని ఒకటుంది. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇందులో చాలామందికి భ్రమలున్నాయి. "నాకు పీఎఫ్ ఉందండీ, పెన్షన్ వస్తుంది" అంటారు. ఎంత వస్తుంది? కంపెనీ వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది, అదీ 15,000 జీతం మీదే లెక్క, అంటే నెలకి 1,250. మీ జీతం లక్ష కావచ్చు, రెండు లక్షలు కావచ్చు, 1,250 మాత్రమే. రిటైరయ్యాక పెన్షన్ ఎలా కడతారు? జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 ఇంటూ 35, బై 70. ఎంత? 7,500. ముప్ఫై అయిదేళ్ల సర్వీసుకి నెలకి ఏడున్నర వేలు! అధిక పెన్షన్ ఆప్షన్ పెట్టుకుని అదనంగా కట్టినవాళ్ల సంగతి వేరు, వాళ్లెంతమందో వాళ్లకే తెలుసు. ఇప్పుడు మన ప్రశ్న వేసుకుందాం. ఆయన పోతే ఆవిడకి? అందులో సగం. 3,750.

ఇంకోటి. 2014 సెప్టెంబరు తర్వాత మొదటిసారి ఉద్యోగంలో చేరి, బేసిక్ 15,000 దాటినవాళ్లు అసలు ఆ పెన్షన్ స్కీములోనే లేరు. ఇక్కడున్న సాఫ్ట్‌వేర్ పిల్లల్లో చాలామందికి ఆ 7,500 కూడా లేదన్నమాట. మాస్టార్లు ఇటు చూస్తున్నారు. మీ సంగతీ చెప్తాను. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లకు పాత పెన్షన్, వాళ్లు పోయాక ఇంట్లోవాళ్లకి ఫ్యామిలీ పెన్షన్. అదృష్టవంతులు. తర్వాత చేరినవాళ్లది సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్, అందులో మీ ఖాతాలో ఎంత పోగయితే దాన్ని బట్టే. ఒకే స్టాఫ్ రూములో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు మాస్టార్ల ముసలితనాలు వేరువేరు. పాత పెన్షన్ కావాలనే ఉద్యమాల సంగతి సంఘాల వాళ్లు చూసుకుంటారు. మీ లెక్క మాత్రం మీరు ఉన్న రూలుకే వేసుకోండి, రేపు మారుతుందనే ఆశకి వేసుకోకండి.

కాబట్టి కుర్రాళ్లు సొంతంగా దాచుకోవాల్సిందే. ఇరవై అయిదేళ్లకి నెలకి 5,000 ఏదైనా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సెన్సెక్స్ లాంటి షేర్ల సూచీ వెంట నడిచే ఫండ్‌లో, మొదలుపెట్టి యాభై అయిదు దాకా కడితే, సగటున 10 శాతం వస్తే, కోటీ పదమూడు లక్షల దాకా అవుతుంది. అదే ముప్ఫై అయిదులో మొదలుపెడితే? ముప్ఫై ఎనిమిది లక్షలు. పదేళ్లలో కట్టకుండా వదిలేసింది ఆరు లక్షలు, పోయింది డెబ్బై అయిదు లక్షలు. పది శాతం వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు, అలా హామీ ఇచ్చేవాడి దగ్గరికి అసలు వెళ్లకండి. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అదే అక్టోబరులో 8 వేల లోపుకి పడింది. ముప్ఫై ఏళ్లున్నవాడికి అది తట్టుకోవచ్చు. వచ్చే ఏడాది కూతురి పెళ్లి పెట్టుకున్నవాడు ఆ డబ్బు షేర్లలో ఉంచితే నిద్ర పట్టదు.

ఉద్యోగం లేనివాళ్లు, షాపులు నడుపుకునేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, మా సంగతేమిటండీ అంటారు. అటల్ పెన్షన్ యోజన ఉంది. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపు చేరాలి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు చేరడానికి వీల్లేదు. ఇరవై అయిదేళ్లకి చేరితే నెలకి 376, అరవై నుంచి నెలకి 5,000. నలభైలో చేరితే అదే 5,000కి నెలకి 1,454 కట్టాలి. నాకు ఇందులో నచ్చిందేమిటంటే, ఆయన పోయాక ఆవిడకి సగం కాదు, పూర్తి 5,000 వస్తుంది. ఆవిడ తర్వాత పోగయిన సొమ్ము నామినీకి. ముప్ఫై ఏళ్ల తర్వాత 5,000కి ఏమొస్తుందండీ అనొచ్చు. నిజమే, ఎక్కువేం రాదు. కానీ చేతిలో ఏమీ లేనిదానికన్నా నయం.

ఇప్పుడు పెళ్లయింది. ఇన్సూరెన్సు. మన ఇళ్లలో ఇన్సూరెన్సు ఎలా తీసుకుంటారు? మార్చి నెలలో, పన్ను తప్పించుకోవడానికి, బావమరిది ఏజెంటు కాబట్టి. అవునా, కాదా? ఏడాదికి లక్ష కట్టి పదో ఇరవయ్యో లక్షల పాలసీ తీసుకుంటారు. మెచ్యూరిటీకి డబ్బు తిరిగొస్తుందని సంతోషం. రేపు ఆ మనిషికి ఏదైనా అయితే, అప్పుడే పుట్టిన పిల్లవాడితో ఆ అమ్మాయి ఇరవై లక్షలతో ఎన్నేళ్లు బతుకుతుంది? ముప్ఫై ఏళ్ల వయసులో, సిగరెట్టు తాగనివాడికి, కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బిచ్చే పాలసీ, ఏడాదికి సుమారు పది నుంచి పదిహేను వేల మధ్య వస్తుంది. "ఏమీ కాకపోతే ఆ డబ్బు పోయినట్టే కదండీ" అంటారు. పోతుంది. పోవాలనే కోరుకోండి.

టర్మ్ పాలసీ తీసుకునే మగవాళ్లకి ఒక మాట, ఇది ఏజెంట్లు కూడా చాలామంది చెప్పరు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఒకటుంది. పాలసీ తీసుకునేటప్పుడే దరఖాస్తులో ఆ చట్టం కింద కావాలని రాయిస్తే, ఆ డబ్బు భార్యాపిల్లలదే. ఆయన అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. ఆయన కూడా తర్వాత మనసు మార్చుకుని దాని మీద అప్పు తీసుకోలేడు. మొదట్లో రాయించకపోతే తర్వాత రాయించడానికి లేదు. వ్యాపారం చేసేవాళ్లు, పదిమందికీ సంతకాలు పెట్టే అలవాటున్నవాళ్లు, మీకు ఇది మరీ ముఖ్యం.

సంతకం అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. మన ప్రాంతంలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందంటే స్వీటు కన్నా ముందు వచ్చేది ఏమిటో తెలుసా? చీటీ పాడినవాళ్లు. "మాస్టారూ, ఒక చిన్న సంతకం." జీతం సర్టిఫికెట్టు ఒకటి ఇచ్చి హామీదారుగా సంతకం. మొహమాటం. పెట్టేస్తారు. పెట్టాక ఇంట్లో చెప్పరు.

కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను ఏమంటుందంటే, హామీదారుడి బాధ్యత అసలు బాకీదారుడితో సమానం. ముందు ఆయన్ని అడిగి, ఆయన దగ్గర లేకపోతేనే మీ దగ్గరికి రావాలని ఎక్కడా లేదు. నేరుగా మీ మీద కేసు వేయొచ్చు, మీ జీతం అటాచ్ చేయించవచ్చు. ఎందుకు మిమ్మల్నే పట్టుకుంటారు? ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పడేది మీకే కాబట్టి. ఊరు విడిచి వెళ్లినవాణ్ణి వెతకడం ఎవరికి ఓపిక? నేను ఎవరికీ సాయం చేయొద్దని చెప్పడం లేదు. సంతకం పెట్టేముందు ఆ మొత్తాన్ని మీ సొంత అప్పుగా ఊహించుకోండి. అయిదు లక్షల చీటీకి హామీ అంటే మిగిలిన కంతులన్నీ మీవే అనుకోండి. కట్టగలరా? కట్టగలిగితే పెట్టండి. లేదంటే "మా ఇంట్లో ఒప్పుకోరండీ" అనండి. ఆవిడ పేరు ఇలాంటప్పుడైనా ఉపయోగపడనివ్వండి.

చీటీలు తప్పని నేను అనను. రిజిస్టరయిన చీటీ మంచి సాధనమే. 1982 చట్టం ప్రకారం నిర్వాహకుడు చిట్స్ రిజిస్ట్రారు అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి, కమిషను 7 శాతం దాటకూడదు. ఇవేవీ లేకుండా పక్కింటావిడ డైరీలో రాసుకుని వేసే చీటీ ఉందే, అది ఆవిడ మంచితనం మీద నడిచే చీటీ. ఆవిడ మంచిదే. ఆవిడ కొడుకు, అల్లుడు కూడా అంతే మంచివాళ్లా?

వడ్డీకి ఇవ్వడం కూడా అంతే. రెండు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అనేస్తాం. నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద అప్పుకి అందులో సగం కూడా ఉండదు. అంత వడ్డీకి మీ దగ్గర తీసుకుంటున్నాడంటే, బ్యాంకు అతనికి ఇవ్వనన్నదన్నమాట. బ్యాంకు ఇవ్వనన్నవాడికి మీరిస్తున్నారు. ఇచ్చేశారా? ప్రోనోటు రాయించుకున్నారా? మూడేళ్లు దాటితే అది చిత్తుకాగితం. మూడేళ్ల లోపల ఎంతో కొంత జమ కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకోండి, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది మీ తాతలకి తెలుసు. మీ ఆవిడకి తెలియాల్సింది, ఆ నోటు ఏ బీరువాలో ఉందో.

ఇంటి అప్పు. దీని మీద అందరికీ అనుభవముంది, త్వరగా పోతాను. యాభై లక్షలు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు. ఈఎంఐ 43,391. మొదటి నెల కట్టిన దాంట్లో వడ్డీ 35,417, అసలు తగ్గేది ఎనిమిది వేలు కూడా కాదు. మొత్తం కట్టేది కోటీ నాలుగు లక్షలు. మొదటి ఏళ్లలో ముందుగా కట్టే రూపాయికే బలం ఎక్కువ. ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి, బోనస్ వచ్చినప్పుడో, పంట వచ్చినప్పుడో. మూడేళ్లు ముందే అప్పు తీరుతుంది. వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు అప్పుకి ముందుగా కట్టినందుకు జరిమానా వేయడానికి వీల్లేదు. నా అభిప్రాయం ఒకటే, రిటైరయ్యే నాటికి ఈఎంఐ ఉండకూడదు. నలభై ఏడులో ఇరవై ఏళ్ల అప్పు తీసుకుంటే చివరి ఏడేళ్లు ఎవరు కడతారు? "అబ్బాయి కడతాడు" అంటారు. అబ్బాయిని అడిగారా?

అబ్బాయి అంటే ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. యాభై ఏళ్లు. పిల్లల చదువు, అమెరికా. మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట లేకుండా డబ్బు గురించి మాట్లాడటం కుదరదు. ఇక్కడ ఎంతమంది పిల్లలు బయట ఉన్నారు? చాలామందే. సంతోషం. వెళ్లొద్దని నేను అనను, వెళ్లినవాళ్లు ఎందరో బాగుపడ్డారు. నా గొడవ అప్పు ఎవరి నెత్తిన పడుతుందన్న దాని గురించే.

నలభై లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు. తండ్రికి యాభై రెండు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదాలుండవు. కానీ వడ్డీ ఆగదు! రెండున్నరేళ్లలో బారువడ్డీ లెక్కనే పదకొండు లక్షలు చేరుతుంది. కట్టడం మొదలయ్యేనాటికి యాభై ఒక్క లక్షలు. అబ్బాయికి వెంటనే ఉద్యోగం వస్తే డాలర్లలో సంపాదించి నాలుగైదేళ్లలో తీరుస్తాడు. రాకపోతే? వీసా లాటరీలో పేరు రాకపోతే? అక్కడి రూలు మారితే? అది వాడి చేతిలో లేదు, మన చేతిలో అసలే లేదు. అప్పుడు యాభై నాలుగున్నరేళ్ల తండ్రి ఈఎంఐ కట్టాలి, రిటైర్మెంటు దగ్గర పడుతుండగా.

ఏం చేయమంటారండీ అంటే, ఇది నా సలహా, మీ ఇష్టం. పిల్లవాడికి ఎంత ఇవ్వగలరో ముందే చెప్పండి. "ఇంత మేం పెడతాం, మిగిలింది నీ పేరున అప్పు, నువ్వు తీర్చుకోవాలి. ఇల్లు, అమ్మ డబ్బు ముట్టుకోం." కటువుగా ఉంటుంది. కానీ ఇరవై రెండేళ్లవాడికి అప్పు తీర్చుకోవడానికి ముప్ఫై అయిదేళ్లు ఉన్నాయి, చదువుకి బ్యాంకు అప్పిస్తుంది. ముసలితనానికి అప్పిచ్చే బ్యాంకు ఉందా? ఉన్న ఇల్లు రాసిస్తే ఇస్తారు, ఆ ఇల్లు అప్పటికే తాకట్టులో ఉందాయె.

ఆడపిల్ల పెళ్లి, బంగారం గురించి ఎవరో చీటీ రాసి పంపారు. పదేళ్ల లోపు పాప ఉంటే సుకన్య ఖాతా తెరవండి, ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు, పదిహేనేళ్లు కట్టాలి, ఏడాదికి లక్షన్నర దాకా. పెళ్లి ఖర్చు గురించి నేనేం చెప్పినా మీరు వినరు, ముందుకెళ్దాం.

ఆరోగ్యం. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు రిటైరైన రోజుతో సరి. అరవైలో కొత్తగా తీసుకుందామంటే అప్పటికే బీపీ, షుగరు. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా క్లెయిము ఇవ్వకుండా ఆపొచ్చు. అదే నలభై అయిదులో సొంత పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లూ ఎప్పుడో గడిచిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. పాలసీ కాగితంలో ఒక్క లైను తప్పకుండా వెతకండి: గది అద్దె పరిమితి. అయిదు లక్షల పాలసీలో రోజుకి 1 శాతం అని ఉంటే గదికి 5,000. మీరు 10,000 గదిలో చేరారనుకోండి. గది తేడా ఒక్కటే కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. కాదు. డాక్టరు ఫీజు, థియేటరు ఛార్జీలు లాంటివన్నీ అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు, మందుల బిల్లు తప్ప. డిశ్చార్జి రోజు కౌంటరు దగ్గర గొడవలన్నీ దీనివల్లే. డెబ్బై దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు మీద అయిదు లక్షల దాకా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసిపెట్టుకోండి.

అరవై వచ్చింది. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చింది. ఆ నెలలో మీ ఇంటికి వచ్చేవాళ్లని గమనించారా? వెంచరువాళ్లు, ఏజెంట్లు, చాన్నాళ్లుగా కనపడని మేనల్లుడు. నేను చెప్పేది, ఆరు నెలలు ఏమీ చేయకండి. బ్యాంకులో వేసి కూర్చోండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంది, అది గుర్తుంచుకోండి. సహకార సొసైటీలకి, రియల్ ఎస్టేట్ కంపెనీల డిపాజిట్లకి ఆ బీమా లేదు. అగ్రిగోల్డ్‌లో దాచుకున్నవాళ్లు మన మధ్య లక్షల్లో ఉన్నారు, కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము. ఒక్కొక్కరికి ముప్ఫై లక్షల దాకా, 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ, అయిదేళ్లు. ముప్ఫై లక్షలకి మూడు నెలలకి 61,500. భార్యకి కూడా అరవై దాటితే ఆవిడ పేరున ఇంకో ముప్ఫై. ఇద్దరికీ కలిపి నెలకి 41,000 అవుతుంది. ఆవిడ పేరున పెట్టండి అంటే మగవాళ్లు ఇబ్బందిగా కదులుతారు. ఎందుకండీ? ఎటూ ఆవిడకి మిగలాల్సిందే కదా.

పిల్లలు అడగ్గానే ఇల్లు రాసిచ్చేయడం గురించి. దానపత్రం రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. రాసివ్వాలనే ఉంటే వీలునామా రాయండి, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానమే ఇవ్వాల్సి వస్తే, మీ ఇద్దరికీ జీవితాంతం అనుభవించే హక్కు ఉంచుకున్నట్టు, మమ్మల్ని చూసుకోవాలనే షరతు మీదే ఇస్తున్నట్టు ఆ పత్రంలోనే రాయించండి. 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద, ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకపోతే, "అనుకున్నామండీ" అంటే నిలవదు.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? "నా తర్వాత నా భార్యదే కదా" అనుకుంటారు. కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, ఆయన తల్లి ఉంటే తల్లికి, అందరికీ సమానం. అరవై లక్షల ఇల్లు, ఒక కొడుకు, ఒక కూతురు, తల్లి బతికే ఉంది. ఆవిడ వాటా పదిహేను లక్షలు. తను వండి, కడిగి, తుడిచిన ఇంట్లో నాలుగో వంతు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి వేరే నియమాలున్నాయి, వాళ్లు విడిగా అడిగి తెలుసుకోవాలి. నామినీగా ఆవిడ పేరుంది కదా అంటారు. బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, వారసులు అడిగితే పంచాలి. వీలునామాకి తెల్ల కాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. చూడండి, ఈ హాల్లో ఇంతమంది ఉన్నాం, వీలునామా రాసినవాళ్లు చేయెత్తండి. ...ముగ్గురు. బావుంది, నేను ఒక్కరే ఉంటారనుకున్నాను.

వెనక నుంచి ఒకావిడ ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండమ్మా. "మా ఆయన ఏమీ చెప్పరు, ఎక్కడెక్కడ ఏమున్నాయో ఎలా తెలుసుకోవాలి?" మంచి ప్రశ్న. ఈవిడ డ్వాక్రా గ్రూపు లెక్కలు పదిహేనుమందివి పైసాతో సహా రాస్తారు, నాకు తెలుసు. ఇంట్లో లెక్క మాత్రం తెలియదు.

ఇలా చేయండి. ఆయన ఆదాయపు పన్ను రిటర్ను వేస్తారా? వేస్తే ఆ సైటులోనే ఏఐఎస్ అని ఒక పట్టిక ఉంటుంది. ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఏ ఫండ్ కొన్నారు, చాలావరకు అందులో ఉంటాయి. దాన్ని ప్రింటు తీసి ఇవ్వమనండి, చెప్పడం కష్టమైనవాళ్లకి కాగితం ఇవ్వడం తేలిక. అందులో కనపడనివి అడగండి: చీటీలు, చేబదుళ్లు, ప్రోనోట్లు, పెట్టిన హామీ సంతకాలు. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరునా, ఎవరున్నా తీసుకునేలా ఉందో లేదో చూడండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కరైనా ఉన్నారో లేదో చూడండి. మీ మామగారివి పాత ఖాతాలు ఉండొచ్చంటారా? పదేళ్లు ఎవరూ ముట్టుకోని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి, కానీ డబ్బు పోదు. ఉద్గమ్ అని రిజర్వు బ్యాంకు పోర్టల్ ఉంది, పేరు, పాన్ లేదా పుట్టినతేదీ ఇస్తే ఏ బ్యాంకులో ఉందో చూపిస్తుంది. ఆ తర్వాత ఆ బ్యాంకుకి మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు పట్టుకుని వెళ్లాలి. మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్లండి. ఇంకెవరైనా అడగాలంటే భోజనాల దగ్గర అడగండి, నేను మూడింటి దాకా ఇక్కడే ఉంటాను.